గుమ్మంలో దుప్పటి

అలసిపోయినవాడు పరుపులవాడి ఇంటికి రావడంలో వింతేమీ లేదు. వచ్చి నేలమీద పడుకోవడంలోనే ఉంది వింతంతా.

ఇంట్లో అతన్ని చక్రం అంటారు. నడక వచ్చిన మర్నాటినుంచే పక్కవీధిలో దొరికేవాడట. వీడు కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టాడర్రా అని ఎవరో పెద్దావిడ అంది. ఆ మాటలో కాళ్ళు ఊడిపోయి చక్రం మిగిలింది. పేరు పెట్టినావిడ మాట పోకూడదన్నట్టు, పెద్దయ్యాక భుజాన నీలం సంచీ ఒకటి తగిలించుకుని ఆసియా ఖండం మీద పడ్డాడు. దారిలో దొరికిన పని చెయ్యడం, చేతిలో నాలుగు రాళ్ళు పడగానే ఇంకో సరిహద్దు దాటడం. ఏళ్ళు అలా దొర్లిపోయాయి. ఇప్పుడు నలభై దగ్గరపడింది. కొండ ఎక్కేటప్పుడు మోకాళ్ళు గొణుగుతున్నాయి, దిగేటప్పుడు తిడుతున్నాయి. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని వెళ్తానని అక్కకి కబురుపెట్టి వచ్చాడు.

కొన్నాళ్ళు విశ్రాంతి అన్నది నలుగురికీ చెప్పిన మాట. అసలు మాట వేరే ఉంది. అతనికి ఇక తిరగాలని లేదు. ఏ ఊళ్ళో బస్సు దిగినా నిన్న దిగిన ఊళ్ళోనే మళ్ళీ దిగినట్టుంటోంది. కొత్త కొండని చూసి ఇదీ కొండే అనుకుంటున్నాడు. సముద్రాన్ని చూసి ఆవులిస్తున్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరితోనూ అనలేడు. ఉద్యోగాలు చేసుకుంటున్న స్నేహితులకి స్వేచ్ఛ గురించి ఇన్నేళ్ళూ అడక్కుండానే ఉపన్యాసాలిచ్చాడు మరి. ఇప్పుడు వెళ్ళి, నాకో మంచం, ఓ కిటికీ, రోజూ కనిపించే నాలుగు మొహాలు కావాలర్రా అంటే నవ్వరూ? నవ్వకపోతే మరీ ఘోరం, జాలిపడతారు. అందుకని ఒక ఎత్తు వేశాడు. తను అడగడు. అక్కే ఉండిపోరా అంటుంది. తను కాసేపు బెట్టు చేస్తాడు. ఆనక, అక్క మాట తీసెయ్యలేక ఒప్పుకుంటాడు. ఓడిపోయినా బలవంతంమీద ఓడిపోయాడన్న గౌరవం దక్కుతుంది.

అంతా బాగానే ఉంది గాని, అక్క ఆ మాట అనడం లేదు.

బావది పరుపుల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన డాబామీద ఒంటిగది. అమ్ముడుపోని పరుపులన్నీ ఆ గదిలో గోడకి చేరగిలబడి ఉండేవి. చక్రం వస్తున్నాడని వాటిని ఒకపక్కకి నెట్టి ఇనపమంచం వేశారు. దానిమీదకి దుకాణంలోకెల్లా ఖరీదైన పరుపుని బావ స్వయంగా నెత్తిన పెట్టుకుని, రెండు అంతస్తుల మెట్లెక్కి, రొప్పుతూ తెచ్చి పరిచాడు. అక్క దానిమీద పసుపుపచ్చ పూలున్న తెల్లదుప్పటి వేసింది. కొత్తది. మడతల గీతలు ఇంకా పోలేదు.

చక్రం దానిమీద ఒరిగి చూశాడు. మునిగిపోతున్నట్టనిపించింది. చెక్కబల్లలమీదా బస్సు సీట్లమీదా పడవ డెక్కులమీదా రాటుదేలిన వీపు అది. మెత్తదనం తగిలితే దానికి అనుమానం. దిగి నేలమీద చాప పరుచుకున్నాడు. సంచీ పట్టీని అలవాటు చొప్పున చీలమండకి చుట్టుకున్నాడు, ఎవరైనా లాగితే మెలకువ రావాలని. పదిమంది ఒకే గదిలో పడుకునే సత్రాల్లో అబ్బిన విద్య. అక్క ఇంట్లో లాగేవాళ్ళెవరని తనని తనే అడిగాడు. కాలు ఒప్పుకోలేదు.

పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చిన బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. మంచంమీద పరుపు ఇస్త్రీ చొక్కాలా నలక్కుండా ఉంది. బావమరిది కింద ముడుచుకుని, సంచీకి కట్టేసిన దూడలా పడుకుని ఉన్నాడు.

"ఏమోయ్, ఈ సంగతి బయటెక్కడా అనకు," అన్నాడు బావ గొంతు తగ్గించి. "పరుపులవాడి ఇంట్లో చుట్టం నేలమీద పడుకున్నాడని తెలిస్తే నేను దుకాణం ఎత్తేసి బల్లలమ్ముకోవాలి."

బావ వాళ్ళమ్మని చక్రం అత్తయ్యగారూ అంటాడు. ఆవిడ మోకాళ్ళు ఆవిణ్ణి ఎప్పుడో మోసం చేశాయి కనక మెట్లెక్కదు, హాల్లో కుర్చీలో కూచుని ఇంట్లో జరిగేదంతా చెవులతో చూస్తుంది. నేలమీద పడుకున్న సంగతి కొడుకు చెప్పకముందే ఆవిడకి తెలిసిపోయింది. సంచీని పెళ్ళాంలా పక్కలో వేసుకుంటున్నాడట కదా, ఈ సంబంధం మాకెవరూ చెప్పలేదే అని కోడలితో అంది. చక్రం వినేలాగే అంది.

విశ్రాంతి ఎలా తీసుకుంటారో అతనికి తెలీదని రెండోరోజుకే తేలిపోయింది. డాబామీద కుర్చీ వేసుకుని కూచున్నాడు. వీధి చూశాడు. ఎదురింటి నీళ్ళట్యాంకు చూశాడు. తీగలమీద పావురాలు చూశాడు. కాసేపటికి చూడవలసినవన్నీ చూసేశావనీ, ఇక ముందుకి వెళ్ళవచ్చనీ లోపల ఎవరో అన్నారు. ఆ ఎవరో అతనికి బాగా తెలిసినవాడే. ఇన్నేళ్ళలో ఇన్ని సత్రాల్లో దిగి దిగి, వాటి గుమస్తాలందరినీ కలిపి తలలో ఒక గుమస్తాని తయారుచేసుకున్నాడు. వాడికి వేరే పనిలేదు. పొద్దున కళ్ళు తెరవగానే బల్ల వెనకనుంచి తలెత్తి, గది ఎప్పుడు ఖాళీ చేస్తున్నారండీ అని అడుగుతాడు. తల్లి ఒడిలో పడుకోబెట్టినా ఆ వెధవ అదే ప్రశ్న వేస్తాడు. చక్రం వాణ్ణి కసురుకోలేడు. వాడికి జీతం ఇచ్చి పెట్టుకున్నది తనే.

ఆ గుమస్తా ఆజ్ఞల ప్రకారమే అక్క ఇంట్లో నడుచుకున్నాడు. తిన్న కంచం తనే కడిగి, తుడిచి, గుడ్డమీద బోర్లించేవాడు. వేణ్ణీళ్ళు వాడుకోవచ్చా అని అడిగేవాడు. రొట్టె కొనుక్కొచ్చి, దాని కవరుమీద తన పేరు రాసి ఫ్రిజ్‌లో పెట్టాడు. అక్క ఆ కవరుని చేత్తో పట్టుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా మళ్ళీ అక్కడే పెట్టేసింది. అత్తయ్యగారి కుర్చీ పక్కన గూట్లో బిస్కెట్ల డబ్బా ఉంటుంది. ఇంట్లో ఎవరైనా అటు వెళ్తూ చెయ్యి పెట్టి ఒకటి నోట్లో వేసుకోవడం, ఆవిడ తిట్టడం రోజూ జరిగే తంతు. చక్రం మాత్రం డబ్బా ముందు నిలబడి, ఒకటి తీసుకోవచ్చాండీ అని అడిగాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, తీసుకో బాబూ అంది. తిట్టలేదు. ఆ తిట్టకపోవడం అతనికి గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో ఆరా తీస్తూ ఆ పూటంతా డాబామీద గడిపాడు. తన మనసుని తనే విప్పి చూసుకోవడం అతనికి పాత జబ్బు, విప్పినవాటిని మళ్ళీ బిగించడం మాత్రం చాతకాదు.

అన్నిటికన్నా తాళం సంగతి ముదిరింది. డాబాగదిలో గోడబీరువా ఉంది. అందులో సంచీ పెట్టి, కిందకి స్నానానికి వెళ్తూ, చెయ్యి దానంతటది జేబులోకెళ్ళి ఇత్తడి తాళంకప్ప తీసి బిగించేసింది. గది ఊడ్వడానికెళ్ళిన అక్క అది చూసింది. సాయంత్రం భోజనాల దగ్గర అత్తయ్యగారు అన్నం కలుపుకుంటూ మెల్లగా అంది.

"అబ్బాయ్, నేను మెట్లెక్కలేనని నీకు తెలుసుగా. నీ లాగులు ఎత్తుకుపోవాలని ఉన్నా కుదరదు."

బావకి పొలమారింది. చక్రం నవ్వాడు, తాళం తీసేస్తానన్నాడు, అలవాటన్నాడు. అక్క నవ్వలేదు. ఇంకొంచెం వడ్డించనా అని మాత్రం అడిగింది. చుట్టాల్ని అడిగినట్టే అడిగింది. ఉండిపోరా అంటుందేమోనని అతను కంచంలోంచి తలెత్తి చూశాడు. కూర వడ్డించి వెళ్ళిపోయింది.

అక్క ఎందుకు అడగడంలేదో తెలుసుకోవడానికి అతను పడిన శ్రమ అంతా ఇంతా కాదు. ఆవిడ నిట్టూర్పులకి కూడా అర్థాలు తీశాడు. నేను వాళ్ళకి బరువయ్యానని ఒకరోజు, అక్కకి నా స్వేచ్ఛంటే గౌరవమని ఇంకోరోజు, నామీద ప్రేమే లేదని మూడోరోజు తేల్చాడు. ఇన్నిటి మధ్య ఆవిణ్ణే అడగవచ్చుననే ఆలోచన మాత్రం రాలేదు. పోయినసారి వచ్చినప్పుడు అక్క ఏమందో, తను ఏం చేశాడో కూడా గుర్తురాలేదు. ఎందరో అపరిచితుల ఊళ్ళు, పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు గుర్తుపెట్టుకున్న బుర్ర అది. సొంతవాళ్ళ విషయానికొస్తే దానికి చోటు చాలదు.

ఊరికే కూచోలేక దుకాణంలోకి దిగాడు. సాయం చేస్తానన్నాడు. బావ సంతోషించి ఒక పెద్దాయన్నీ ఆయన భార్యనీ అప్పగించాడు. వాళ్ళిద్దరూ నడుం నొప్పికి మెత్తటి పరుపు కొనడానికి వచ్చారు. చక్రానికి ఊపొచ్చింది. పడకల విషయంలో తనకి మించిన పండితుడు ఈ ఖండంలో లేడని అతని నమ్మకం. నడుంకి మెత్తదనం శత్రువన్నాడు. జన్మలో తను పోయిన అసలైన నిద్ర, వర్షంలో, పడవ డెక్కుమీద, ఒట్టి చెక్కమీద పోయిన నిద్రేనన్నాడు. ఆ చెక్క ఎలా ఉంటుందో చేతులతో చూపించాడు. దంపతులు మంత్రముగ్ధులై విన్నారు. ఆఖరికి పెద్దాయన కృతజ్ఞతతో చక్రం చెయ్యి పట్టుకుని ఊపి, ఈ చుట్టుపక్కల కలప అడితీ ఎక్కడుందో అడిగి తెలుసుకుని వెళ్ళిపోయాడు.

బావ గల్లా దగ్గర చెంపకి చెయ్యి ఆనించుకుని కూచుని ఇదంతా విన్నాడు. తిట్టలేదు. నీకు తగిన ఉద్యోగం నేనిస్తానన్నాడు. అద్దాల కిటికీ దగ్గర, వీధిలో పోయేవాళ్ళకి కనిపించేటట్టు మంచంమీద ఒక నమూనా పరుపు ఉంటుంది.

"దానిమీద పడుకో. నోరు మాత్రం తెరవకు. ఎవడైనా నిన్ను చూసి, ఓహో ఎంత సుఖంగా ఉన్నాడో అనుకోవాలి. అంతే నీ పని."

చక్రం పడుకున్నాడు. పరుపుకి ప్లాస్టిక్ కవరు తీయలేదు. కదిలినప్పుడల్లా బరబరమంది. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూశారు. ఎవరో కోటలూ గుహలూ చూడటానికి వెళ్తే తనూ వెళ్ళి చూసేవాడు. ఇప్పుడు తననే జనం చూసి పోతున్నారు. చివరికి తనే ఒక చూడదగ్గ ప్రదేశమయ్యాడు. ప్రవేశం ఉచితం. ఆ ఆలోచనకి నవ్వుకుంటూ, సుఖంగా ఉన్నట్టు నటించడానికి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు గుమస్తా తల ఎత్తాడు. ఎత్తి, ఏదో అడగబోయి, ఇది సత్రం కాదు, ఇది దుకాణం, ఇక్కడ నాకేం పని అనుకున్నాడో ఏమో, తల దించుకున్నాడు.

చక్రం నిద్రపోయాడు. నటన కాదు. నోరు తెరుచుకుని, చొంగ కార్చుకుంటూ, చీలమండకి ఏ పట్టీ చుట్టుకోకుండా పోయిన నిద్ర.

మెలకువ వచ్చేసరికి దుకాణం మసకగా ఉంది. చీకటిపడిందనుకున్నాడు. చూస్తే షట్టరు సగందాకా దింపి ఉంది. దానికింద బయట, మెట్టుమీద బావ కాళ్ళు కనిపించాయి. ఎవరో బేరానికి వచ్చినట్టున్నారు. ఇవాళ లేదండీ, రేపు రండి, సరుకు సర్దుతున్నామని బావ గుసగుసగా చెబుతున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. బావ కాళ్ళు మళ్ళీ మెట్టుమీద సర్దుకున్నాయి. చక్రం లేచి షట్టరు కిందనుంచి వంగి బయటికొచ్చి, ఏమిటి బావా కట్టేశారు అని అడిగాడు. ఇవాళ ఎండకి బేరాల్లేవోయ్ అన్నాడు బావ, అతనివైపు చూడకుండా.

ఆ అబద్ధం దగ్గర చక్రం పథకం కూలిపోయింది. అక్క అడిగేదాకా ఆగడమేమిటి? బెట్టేమిటి? ఉండిపోతాను. ఉండిపోతున్నానని రేపే చెప్పేస్తాననుకున్నాడు. కానీ చెప్పడమన్నది అతనికి ఎప్పుడూ కొంచెం అవతలి ఒడ్డు. ముందు ఏదైనా చేసి చూపించి, వాళ్ళు దాన్నిబట్టి అర్థం చేసుకుంటే బాగుంటుందనిపించింది. ఏం చెయ్యాలి? ఆలోచిస్తే దుప్పటి కనిపించింది. ఆ రాత్రి మొదటిసారి మంచంమీదే పడుకున్నాడు కదా, దుప్పటి నలిగింది. చుట్టాలు దుప్పటి ఉతకరు. ఇంట్లోవాళ్ళు ఉతుక్కుంటారు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

పొద్దున్నే లేచి దుప్పటి తీశాడు. దిండు గలీబు విప్పాడు. రెండూ చక్కగా మడతపెట్టి, బక్కెట్టు ఎక్కడుందో అక్కని అడిగి ఉతుకుదామని గది గుమ్మంలో పెట్టాడు. ఈలోగా దండెం గట్టిగా ఉందో లేదో చూసొద్దామని డాబా అవతలి కొసకి వెళ్ళాడు. ఈల కూడా వేశాడు.

అక్క టీ తీసుకుని అప్పుడే పైకొచ్చింది. గుమ్మంలో మడతపెట్టిన దుప్పటి చూసింది. గ్లాసు గోడమీద పెట్టేసింది. అతను ఇవతలికొచ్చేసరికి ఆవిడ మొహంలో ఏమీ లేదు, తుడిచిన పలకలా ఉంది.

"ఓహో," అంది. "సరే. టీ తాగి కిందకి రా. తినేసి వెళ్దువుగాని."

వెళ్దువుగాని అన్న మాట అతని గుండెలో దిగబడింది. కిందకెళ్ళేసరికి ఇల్లంతా హడావిడిగా ఉంది. అక్క దారిలో తినడానికి డబ్బాలు కడుతోంది. బావ దుకాణం తెరవకుండా చొక్కా మార్చుకుని, బస్టాండుదాకా దింపుతానని స్కూటరు తాళంచెవి తిప్పుతున్నాడు. చక్రానికి అర్థమైపోయింది. వీళ్ళు పంపించేస్తున్నారు. నిన్న మధ్యాహ్నం దుకాణం కట్టేయించాడు, అంతకుముందు బేరం పోగొట్టాడు, ఫ్రిజ్‌లో రొట్టెకి పేరు రాశాడు. ఏ గృహస్థు మాత్రం ఎన్నాళ్ళని భరిస్తాడు? వాళ్ళంతట వాళ్ళు మర్యాదగా సాగనంపుతుంటే, లేదు నేను ఉంటానని ఏ మొహం పెట్టుకుని అంటాడు?  పైకెళ్ళి సంచీ సర్దుకొచ్చాడు. ఆ విద్యలో మాత్రం అతనికి తిరుగులేదు.

అత్తయ్యగారి కాళ్ళకి దణ్ణం పెడితే ఆవిడ తలమీద చెయ్యి వేసి, పోనీలే, ఈసారి కనబడి వెళ్తున్నావు అంది. అది ఎత్తిపొడుపో దీవెనో అతనికి అంతుపట్టలేదు. అక్క గుమ్మందాకా వచ్చి డబ్బాల సంచీ చేతికిచ్చింది. జాగ్రత్త అంది. లోపలికెళ్ళిపోయింది.

ఈసారి ఎక్కడికని బావ స్కూటరు ఆపి అడిగితే, ఎక్కడికో తనకే తెలీదని చెప్పలేక, బస్టాండులో మొదట కనిపించిన బోర్డుమీది ఊరు పేరు చదివేశాడు. ఆ ఊళ్ళో ఏముందన్నాడు బావ. కొండ ఉంటుందన్నాడు చక్రం. ఉంటుందో లేదో దేవుడికెరుక.

బస్సు కిటికీ దగ్గర సీటు దొరికింది. బావ కింద నిలబడి కిటికీ చువ్వ పట్టుకున్నాడు. 

"మీ అక్కమీద ఏమీ అనుకోకు. గుమ్మంలో దుప్పటి చూడగానే దానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పోయినసారీ ఇంతేగా? నాలుగు రోజులు ఉండరా, కావాలంటే ఉండిపోరా అంది. నన్ను కట్టెయ్యకక్కా అన్నావట. తెల్లారి చూస్తే గుమ్మంలో మడతపెట్టిన దుప్పటి ఉంది, నువ్వు లేవు. ఈసారి కనీసం చేతిలో తిండైనా పెట్టి పంపాలని పరుగులు పెట్టింది."

చక్రం నోరు తెరిచాడు. బస్సు కదిలింది. బావ చెయ్యి చువ్వమీదనుంచి జారిపోయింది.

చాలాసేపు అతను ముందు సీటు వెనక గీతల్ని చూస్తూ కూచున్నాడు. సత్రాల్లో గది ఖాళీ చేసేటప్పుడు దుప్పటి తీసి గుమ్మంలో పెట్టడం రివాజు. పోయినసారి అక్క ఇంట్లోంచి పారిపోతూ కూడా, మర్యాదస్తుణ్ణనుకుని ఆ రివాజు పాటించాడు కాబోలు. ఆవిడ దాన్ని గుర్తుపెట్టుకుంది. ఉండిపోతున్నాననే మాటని, ఇంతమంది మనుషులున్న ప్రపంచంలో, ఏ ఒక్కరికైతే అది వెళ్ళిపోతున్నానని అర్థమవుతుందో సరిగ్గా ఆవిడకే దుప్పటితో చెప్పాడు. ఇంత తెలివైనవాడు తమ వంశంలో ఇంకొకడు పుట్టలేదు. మనసు లోతులు తెలుసుకోవడానికి మౌనం పాటించే మఠాల్లో వారాలకి వారాలు కూచున్నాడే, నోటితో ఒక్క ముక్క అనడం నేర్పినవాడు ఒక్కడూ లేకపోయాడు.

ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆగింది. లే అని మోకాళ్ళకి చెప్పాడు. వింతగా అవి గొణక్కుండా లేచాయి. కండక్టరు గుమ్మంలో అడ్డంగా నిలబడి, ఇక్కడ దిగుతారేమిటి, ఏమైనా మర్చిపోయారా అని అడిగాడు. దుప్పటి అన్నాడు చక్రం. దుప్పటి కోసం బస్సు దిగేవాణ్ణి ఇప్పుడే చూడటమన్నాడు కండక్టరు, పక్కకి తప్పుకుంటూ.

ఎండలో వెనక్కి నడిచాడు. దారి పొడుగునా సాకులు తయారుచేశాడు. బస్సు చెడిపోయిందనవచ్చు. మోకాలు పట్టేసిందనవచ్చు. ఆ ఊళ్ళో కొండ లేదని తెలిసిందనవచ్చు. దుకాణం దగ్గరికొచ్చేసరికి మూడూ బాగానే పాకానపడ్డాయి. బావ ఎవరికో పరుపు చూపిస్తున్నవాడల్లా అతన్ని చూసి, చూపించడం ఆపేసి, వేలు పైకెత్తి డాబావైపు చూపించాడు.

అక్క డాబామీద బక్కెట్టు దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. పసుపుపచ్చ పూల దుప్పటి నీళ్ళతో బరువెక్కి, ఒక్కతే పిండలేక అవస్థపడుతోంది. అడుగుల చప్పుడు పోల్చుకుంది.

"ఏం మర్చిపోయావు?" అంది తిరక్కుండానే.

మూడు సాకులూ ఒకేసారి నోటిదాకా వచ్చి, గుమ్మంలో ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బయటికి రాలేదు. చివరికి వచ్చింది, ఇన్ని దేశాల్లో ఇన్ని భాషల్లో తడుముకోకుండా అడిగిన మాట.

"గది ఉందా అక్కా?"

ఆవిడ చేతులు ఆగాయి.

"ఎన్నాళ్ళకి?"

"తెలీదు." సంచీ భుజంమీదే ఉంది, దించడం మర్చిపోయాడు. "తిరగలేకపోతున్నానే. నువ్వు ఉండమంటావని వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను."

"నేనెందుకంటాను? ఒకసారి అన్నదానికి పారిపోయావు. నోరు మూసుకుని ఉంటే ఇంకో రెండు రోజులైనా ఉంటావని మూసుకున్నాను."

"దుప్పటి ఉతుకుదామనే తీశాను."

అక్క ఇటు తిరిగింది. కాసేపు అర్థంకానట్టు చూసింది.

"ఉండేవాళ్ళు ఉతుక్కుంటారు కదా అని," అన్నాడు.

ఆవిడ తడిచేత్తో మొహం తుడుచుకుంది. దాంతో కళ్ళు తడిశాయో, కళ్ళ తడి చేతికి అంటిందో చెప్పడం కష్టం.

"ఆ ముక్క నోటితో చెప్పి ఏడవచ్చుగా, గాడిదా. పొద్దున్నుంచి డబ్బాలు కట్టీ కట్టీ నా నడుం పడిపోయింది." దుప్పటి కొస ఒకటి అతనివైపు విసిరింది. "పట్టుకో. పిండు."

సంచీ దించి పట్టుకున్నాడు. ఆవిడ మెలితిప్పింది. ఆవిడ ఎటు తిప్పితే అతనూ అటే, ఎంతో శ్రద్ధగా, వంత పాడుతున్నట్టు తిప్పాడు. దుప్పటి ఇద్దరి మధ్యా గుండ్రంగా తిరిగింది గాని నీటిబొట్టు కూడా రాలలేదు.

"నాతోపాటు తిప్పుతావేంట్రా, చక్రంలాగా? ఎదురు తిప్పు."

ఎదురు తిప్పాడు. దుప్పటి బిగుసుకుని, నీళ్ళు ధారగా డాబామీద పడి అతని బూట్లలోకి పోయాయి. బూట్లు విప్పి గోడమీద పెట్టాడు. తలలో గుమస్తా ఏమంటాడోనని చూశాడు. బల్ల వెనక ఎవరూ కనిపించలేదు. రేపు మళ్ళీ వస్తాడు, తెలుసు. అంత తేలిగ్గా ఉద్యోగం వదిలేరకం కాదు వాడు.

కిందకెళ్తే అత్తయ్యగారు కుర్చీలోంచే అంతా వినేసినట్టుంది.  చెయ్యి చాచింది.

"అబ్బాయ్, ఆ తాళంకప్ప ఇలా ఇయ్యి."

సంచీ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఎందుకండీ అన్నాడు. ఆవిడ గూట్లోంచి బిస్కెట్ల డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని గొళ్ళానికి తాళం పడుతుందో లేదో చూసుకుంటూ అంది.

"చుట్టాలైతే అడిగి తింటారు. ఇంట్లోవాళ్ళనే నమ్మడానికి లేదు."